ఏటికి వెళ్ళే దారి

పైడయ్య గురువుగారిని ప్రశ్న అడగాలంటే కాస్త ధైర్యం కావాలి. కోప్పడతారని కాదు, పని చెబుతారని. నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఈ సంగతి అందరికీ తెలుసు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి సాయంత్రందాకా చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నాడు. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న మరొకాయన చేత ఆవుకు పలుపుతాడు పేనించారు. పని అయ్యాక జవాబు దొరికిందా అని ఆయన అడగరు, వీళ్ళూ చెప్పరు. చింతపండు ఒలిచే రోజుల్లో మాత్రం ఆశ్రమంలో ఒక్కరికీ సందేహాలు వచ్చేవి కావు.

అలాంటి మనిషిని దాలమ్మ ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యి అందరూ అరుగు మీద నడుం వాల్చిన వేళ, ప్రశ్న అడిగింది.

దాలమ్మ ఆశ్రమానికి వచ్చి చాలా ఏళ్ళయింది. పెనిమిటి పోయాక అన్నగారింట్లో ఉండబుద్ధి కాక వచ్చేసింది. వచ్చిన మర్నాడే నీళ్ళ పని తన మీద వేసుకుంది. వేకువనే ఇత్తడి బిందె చంకన పెట్టుకుని ఏటికి వెళ్ళేది. రేవులో బండ మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, తెల్లవారడం చూసేది. ఆ తర్వాత గురువుగారి పూజకు బిందె నింపుకుని వచ్చేది. ఆ కాసేపూ ఆమెకు లోకంలో ఎవరితోనూ మాట లేదు. చీకటి పలచబడి, నీళ్ళకు ముందు బూడిదరంగు వచ్చి, దాని మీద ఎరుపు పాకడం చూసిందంటే ఇక ఆ రోజుకు ఏ లోటూ ఉండేది కాదు.

ఆ తర్వాత కళ్ళలో ఒత్తిడి పెరిగింది. ముందు పక్కచూపు పోయింది. విశాఖపట్నం డాక్టర్లు చుక్కల మందు వేశారు, ఆపరేషన్ చేశారు, ఇక చేయగలిగిందేమీ లేదని చివరికి వాళ్ళే చెప్పారు. మిగిలిన చూపు కూడా కొడిగట్టిన దీపంలా కొన్నాళ్ళు ఊగిసలాడి ఆరిపోయింది.

ఆశ్రమంలో వాళ్ళు ఆమెను చంటిపిల్లలా చూసుకున్నారు. వచ్చిన చిక్కంతా అక్కడే. అందులో సన్యాసమ్మ మరీను. ఆవిడ మనసు వెన్న, నోరు మాత్రం గిలక. లేచింది మొదలు దాలమ్మ మోచెయ్యి ఆవిడ చేతిలోనే ఉండేది. గడప వదినా, మెట్టు వదినా, అటు కాదు ఇటు వదినా అంటూ రోజంతా నడిపించేది. అన్నం కూడా తనే కలిపి ముద్దలు చేసి పెట్టేది. ఏటికి తీసుకెళ్ళమంటే, పాపం, తీసుకెళ్ళేది. కానీ రేవులో ఊరుకోదుగా! ఇదిగో సూర్యుడొస్తున్నాడు, అబ్బ ఎంత ఎర్రగా ఉన్నాడో అని వర్ణించేది. ఆ మాట వింటే దాలమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది. చూపు పోయినందుకు ఎంత ఏడ్చిందో, తనకంటూ ఒక ఒంటరి ఘడియ లేకుండా పోయినందుకూ అంతే ఏడ్చింది. ఆ ఏడుపైనా తనివితీరా ఏడవనిచ్చేవారు కారు. ఎవరో ఒకరు వచ్చి కొంగుతో కళ్ళు తుడిచేవారు.

అందుకే అడిగింది.

“గురువుగారూ, కోరిక వదులుకోమంటారు మీరు. అన్నీ వదిలేశాను. ఇదొక్కటి నన్ను వదలడం లేదు. కోడి కూసేసరికి ఏటి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఇక చూడలేనని తెలుసు. తెలిసినా ఇది పోదు. దీన్నేం చేసుకోమంటారు?”

గురువుగారు విసనకర్ర పక్కన పెట్టారు.

“రేపటినుంచి నా పూజకు నీళ్ళు మళ్ళీ నువ్వే తీసుకురా దాలమ్మా,” అన్నారు. “తోడు ఎవరూ వెళ్ళకూడదు.”

సన్యాసమ్మ లబోదిబోమంది. తోడు లేకుండా ఎలా వెళ్తుంది, దారంతా రాళ్ళూరప్పలూ, ఆ చివర ఏరూ, ఏదైనా జరిగితే ఎవరిది పూచీ అని ఆశ్రమమంతా తిరిగి గోల పెట్టింది. తవిటినాయుడు పైకి ఏమీ అనలేదు కానీ ఆయనకూ మనసొప్పలేదు. ఆయన ఒకప్పుడు రోడ్ల పనిలో మేస్త్రీ. ఊళ్ళకు రోడ్లు వేయించి వేయించి, పని మానేశాక ఇక్కడికి వచ్చి చేరాడు. ఎగుడుదిగుడు నేల కనబడితే ఆయనకు ఇప్పటికీ చేతులు ఊరుకోవు. కళ్ళున్నవాళ్ళకే ఎదురుదెబ్బలు తగిలే దారిలో ఈ మనిషిని పంపడమేమిటని లోలోపల బాధపడ్డాడు.

మర్నాడు వేకువన దాలమ్మ బిందె తీసుకుని కర్రతో బయల్దేరింది. ఆశ్రమం దాటగానే పాత రుబ్బురోలు ముక్క ఒకటి పడి ఉంటుంది, దానికి కొట్టుకుని పడింది. లేచి మళ్ళీ నడిచింది. ఆ పూట ఏరు అందలేదు. మోకాలు చెక్కుకుపోయి, ఖాళీ బిందెతో తిరిగి వచ్చింది. గురువుగారు నీళ్ళు లేకుండానే పూజ కానిచ్చారు. మర్నాడూ అంతే. తర్వాత ఒకనాడు వెనక ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు వినబడితే దాలమ్మ ఆగి, “నువ్వు ముందు నడువు సన్యాసమ్మా, పడితే నేను లేపుతాను,” అంది. ఈ సంగతి గురువుగారి చెవిన పడి, సన్యాసమ్మకు చింతపండు తప్పింది కాదు.

అలా పడుతూ లేస్తూ ఆమె దారిని మళ్ళీ సంపాదించుకుంది. రోలు ముక్క తగిలితే కుడికి తిరగాలి. ఎద్దు మూపురంలా ఉబ్బిన బండ కాలికి తగిలితే సగం దూరం వచ్చినట్టు. కానుగ చెట్టు వేళ్ళు అరికాళ్ళ కింద మెట్లుమెట్లుగా వస్తే ఇక పల్లం. ఆ తర్వాత గులకరాళ్ళు, ఆ తర్వాత మెత్తటి ఇసుక, ఆ తర్వాత తన బండ. ఒకప్పుడు పళ్ళు నూరుకుంటూ తిట్టుకున్న రాళ్ళన్నీ ఇప్పుడు చుట్టాలయ్యాయి. తగలడం కాస్త ఆలస్యమైతే బెంగపడేది.

ఏరు మొదటిసారి తనంతట తాను చేరిన రోజున ఆమె చాలాసేపు నీళ్ళలోంచి కాళ్ళు తీయలేదు. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. నీళ్ళు చల్లగా పాదాలను ఒరుసుకుని పోతున్నాయి. ముఖం మీద ఒక పక్క వెచ్చబడితే సూర్యుడు వచ్చాడని తెలిసింది. ఎరుపు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంది, గుర్తొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఈసారి తుడిచేవాళ్ళు లేరు. హాయిగా ఏడ్చి, బిందె నింపుకుని వచ్చింది.

వేసవిలో అన్నగారు వచ్చి, మనవరాలి పెళ్ళికని ఆమెను పాలకొండ తీసుకెళ్ళారు. తవిటినాయుడు అదను కోసమే చూస్తున్నాడు. ఆమె తిరిగొచ్చేలోగా దారి బాగుచేసి ఆశ్చర్యపరచాలని పలుగూ పారా తీశాడు. అందరూ సాయం పట్టారు. రాళ్ళన్నీ పెకలించి కంచె అవతల పోగుపోశారు. రోలు ముక్కనూ అందులోనే పడేశారు. కానుగ వేళ్ళు నరికారు. గులకరాళ్ళ మీద ఎర్రమట్టి పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టారు. దారి బండి పట్టేంత వెడల్పయింది. తవిటినాయుడు తన జన్మలో అంత శ్రద్ధగా ఏ రోడ్డూ వేయలేదు. ఆమె చెప్పులు లేకుండా నడుస్తుందని చివర్లో అరచేత్తో తడిమి చూసి, మిగిలిన చిన్న చిన్న పలుకులు కూడా ఏరేశాడు. గురువుగారు అటుగా వెళ్తూ ఒకసారి ఆగి చూసి, తన దారిన తాను వెళ్ళిపోయారట.

దాలమ్మ రాత్రికి వచ్చింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. వేకువన బిందె చంకన పెట్టుకుని ఆత్రంగా బయల్దేరింది. అన్ని రోజులు ఏటికి దూరంగా ఉండి మొహం వాచిపోయి ఉంది.

రోలు ముక్క తగల్లేదు. ఇంకొంచెం నడిచింది. కర్ర ఎటు ఆడించినా మెత్తగా, చదునుగా ఒకే నేల. తప్పుదారి పట్టానేమోనని వెనక్కి తిరిగింది, తిరిగాక వెనక ఏదో ముందు ఏదో తెలియలేదు. మూపురం బండ లేదు. వేళ్ళు లేవు. ఎప్పటికో కాళ్ళకింద ఇసుక వచ్చింది కానీ అది తన రేవులో ఇసుక కాదు. వేసవి ఏరు చప్పుడు చేయదు. అటునుంచీ ఇటునుంచీ ఏ చప్పుడూ ఆమెను పిలవలేదు. దాలమ్మ అక్కడే నిలబడిపోయింది. డాక్టరు ఇక చూపు రాదని చెప్పిన రోజున కూడా ఆమెకు లోకం ఇంత ఖాళీ అనిపించలేదు.

ఎండ చురుక్కుమనేదాకా వెతుక్కుంది. చివరికి కూలబడి, తను ఇక ఎన్నడూ పిలవకూడదనుకున్న పిలుపు పిలిచింది.

“సన్యాసమ్మా!”

సన్యాసమ్మ పరుగున వచ్చింది. మోచెయ్యి పట్టుకుని లేపుతూ, ఇంత మంచి దారి వేస్తే ఎలా తప్పిపోయావు వదినా, నాయుడన్న అద్దంలా చేశాడు కదా అని ఆశ్చర్యపోయింది. దాలమ్మకు అప్పుడు అర్థమైంది.

“నా రాళ్ళేవి?” అంది.

ఆశ్రమానికి వచ్చి ఖాళీ బిందెను గురువుగారి ముందు దించి, నా వల్ల కాదు, ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం సన్యాసమ్మ కలిపిపెడితే మాట్లాడకుండా తింది.

తవిటినాయుడికి ప్రాణం చచ్చినంత పనైంది. గురువుగారి దగ్గరకు వచ్చి కండువా నోటికి అడ్డం పెట్టుకుని, నేను చేసిన పాపం ఏమిటి గురువుగారూ, కన్నకూతురికైనా ఇంత మంచి దారి వేసి ఉండను అన్నాడు. ప్రశ్న అడిగాడు కదా, పని తగిలింది. రాళ్ళన్నీ ఎక్కడివక్కడ పెట్టేయమన్నారు గురువుగారు.

అందరూ కంచె అవతలి పోగు దగ్గరికి వెళ్ళారు. తీరా చూస్తే ఏ రాయి ఎక్కడిదో ఒక్కరికీ తెలియలేదు. ఏళ్ళతరబడి రోజూ ఆ రాళ్ళ మీదుగా నడిచినవాళ్ళే. రోలు ముక్క ఎడమ పక్కన ఉండేదని ఒకరు, కాదు కుడి పక్కనని ఒకరు వాదులాడుకున్నారు. మూపురం బండ ఏదో కూడా తేల్చలేకపోయారు. పొద్దు వాలేవేళకు తవిటినాయుడు దాలమ్మ గది ముందు వచ్చి నిలబడ్డాడు.

“అమ్మా, నాకు చేతకావడం లేదు. నువ్వు రా,” అన్నాడు.

కాసేపటికి లోపల కర్ర చప్పుడైంది.

ఆమె పోగు దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కొక్క రాయినీ తడిమింది. మూపురం బండ చేతికి తగలగానే రెండు చేతులూ దాని మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత పని మొదలైంది. ఇది అటు, ఇంకా అటు, కొంచెం వాలుగా పెట్టన్నా అని ఆమె చెబుతుంటే, తవిటినాయుడు పలుగు వేసి దొర్లించాడు. పెట్టినదాన్నల్లా ఆమె కాలితో తాకి చూసి కాదంటే, ఆయన మళ్ళీ కదిలించాడు. తన చేత్తో కొట్టిన దిమ్మిస నేలను తనే తవ్వుకున్నాడు. సన్యాసమ్మ ఎర్రమట్టి గోకి, కింద కప్పబడిపోయిన గులకరాళ్ళు ఏరి చీర కుచ్చిళ్ళలో మోసుకొచ్చింది. అంతసేపూ ఆవిడ ఒక్క మాట మాట్లాడకపోవడం అందరికీ విడ్డూరంగా తోచింది.

కానుగ చెట్టు దగ్గర మాత్రం చేసేదేమీ లేకపోయింది. నరికిన వేళ్ళను అతికించలేరు కదా. తవిటినాయుడు తల వంచుకుని, ఇక్కడ ఏం పెట్టమంటావమ్మా అని అడిగాడు.

“ఏదో ఒకటి పాతన్నా,” అంది దాలమ్మ. “నాలుగుసార్లు తన్నుకుంటే అదే తెలుస్తుంది.”

రోడ్ల పనిలో తనతో ఊరూరా తిరిగిన పాత పలుగునే ఆయన అక్కడ అడ్డంగా పాతి, నేలకు కొంచెం పైకి కనబడేలా విడిచిపెట్టాడు.

మర్నాడు వేకువన దాలమ్మ ఒక్కతే వెళ్ళింది. ఎవరూ అటు తొంగి చూడలేదు. సన్యాసమ్మ మాత్రం గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడింది. దూరంగా ఇనుము మీద కాలు తగిలిన చప్పుడూ, అబ్బా అన్న మూలుగూ వినబడితే అంతదాకా చేరిందని మొహం విప్పారింది.

పొద్దు పొడిచాక దాలమ్మ తిరిగి వచ్చింది. బిందె నిండుగా ఉంది. చీర ఒక పక్కంతా తడిసింది. గురువుగారు ఆ నీళ్ళతో పూజ ముగించి, చెంబుతో తీర్థం ఆమె చేతిలో పోశారు. ఎన్నడూ అడగని ఆయన ఆ పూట అడిగారు, ఆ కోరిక సంగతి ఏమైందని.

దాలమ్మ తల దించుకుంది. అబద్ధం చెప్పలేకపోయింది.

“పోలేదు గురువుగారూ. పోకపోగా పెరిగింది. దారి పొడుగునా నాతోనే వచ్చింది. రేవులో కూర్చున్నంతసేపూ పక్కనే కూర్చుంది. మళ్ళీ నాతోనే ఇంటికి వచ్చింది.”

గురువుగారు చెంబు కింద పెట్టారు.

“అదా సంగతి,” అన్నారు. “తోడు లేకుండా అంత దూరం ఎలా వెళ్ళొస్తున్నావా అనుకుంటున్నాను.”