విరూపాక్షుడి చాటింపు

సాయంత్రం కోటవాకిట విరూపాక్షుడి డప్పు మోగిందంటే ఊరు ఊపిరి బిగబట్టేది. నోరులేని జనానికి నోరవుతానని డప్పు పట్టినవాడు, చివరికి ఆ జనం మెడకే ఉరితాడయ్యాడు. ఎవరింటి గుట్టయినా చాటేవాడు. అతను చాటిందే రాజుకు సత్యం, పేదవాడికి శిక్ష.

ఒకరోజు, బుట్టలల్లే గురవడు తన ఇంట్లో కూర్చుని రాజును పిరికిపంద అన్నాడని చాటాడు. రాజదూషణకు శిక్ష దేశబహిష్కారం. తెల్లారేసరికి గురవడికి సంకెళ్ళు పడ్డాయి.

అతని భార్య పోలమ్మ సభకొచ్చింది.

"దొరా, మావాడు ఆ మాట అననేలేదు. అన్నాడనే అనుకోండి, ఇంట్లో విన్నది నేనొక్కదాన్నే. మరి ఊరంతా వినేలా మిమ్మల్ని పిరికిపంద అన్నదెవరు?"

విరూపాక్షుడు నవ్వబోయాడు.

"పిచ్చిదానా, నేను విన్నదే చెప్పాను."

"ఎవరు చెప్పారయ్యా? పేరు చెబితే రేపటినుంచి నీ చెవిలో ఎవరూ ఊదరు. చెప్పకపోతే ఆ మాట నీదే."

విరూపాక్షుడు సభలోని పెద్దల వంక చూశాడు. అతని చూపు ఎవరి మీద పడితే వాళ్ళు తల దించుకున్నారు. రాజు ఆ తలలన్నీ చూశాడు.

"గురవణ్ణి వదిలేయండి," అన్నాడు విరూపాక్షుడి వైపు తిరిగి. "విప్పిన సంకెళ్ళు మాత్రం ఇక్కడికి తీసుకురండి."