గడ్డిపోచ కట్టిన ఆనపకాయ

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, తాబేళ్లు, అడవిపందులు, నక్కలు ఉండేవి. కుందేళ్లు ముళ్లకంచె కట్టుకుని, లోపల పెరటి తోట వేసుకునేవి. ఆనప, దోస, చిక్కుడు, ఓ మూల పుదీనా. కంచె లోపల తిండి ఉన్నంతకాలం వాటి పిల్లలు నక్క తిరిగే రెల్లుగడ్డిలోకి వెళ్లక్కర్లేదు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పాదుకూ అన్నిటికన్నా మంచి కాయను ఒకదాన్ని ఎంచి, తొడిమకు గడ్డిపోచ కట్టేవారు. అది విత్తనపు కాయ. తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే గలగలమనాలి. అంతవరకు ఎంత ఆకలేసినా దాన్ని ఎవరూ ముట్టరు.

రేగమ్మ అనే కుందేలు తోటలో ఆ ఏడాది చివరికి మూడే కాయలు మిగిలాయి. ఒక ఆనప, ఒక దోస, ఒక చిక్కుడు గెల. మూడింటికీ గడ్డిపోచలు ఉన్నాయి. ఆమెకు ముగ్గురు పిల్లలు. మొగుడు దండెయ్యకు చెవులు పొడుగు, మాటలు ఇంకా పొడుగు.

ఒకరోజు దండెయ్య ఎగురుకుంటూ వచ్చాడు.

"రేగమ్మా! రేపు కోరల దొర మనింటికి భోజనానికి వస్తున్నాడు!"

కోరల దొర అంటే అడవిపందుల పెద్ద.

"ఆయన్నెవరు పిలిచారు?"

"నేనే! ఈ కోనలో ఏ కుందేలు ఇంటికైనా దొర వచ్చాడా?"

"వస్తే ఏం పెడతావు? నీ మాటలా?"

దండెయ్య ఆనపకాయ వైపు చూశాడు. రేగమ్మ వెళ్లి పాదుకు అడ్డంగా నిలబడింది.

"అవి విత్తనాలయ్యా. వానలు పడ్డాక మన పిల్లలు బతికేది వాటితోనే."

"ఇంటికొచ్చిన దొర ముందు ఖాళీ ఆకు వేయమంటావా? మీ పుట్టింటి పిసినారితనం ఇక్కడ చూపించకు."

"ముదిరిపోయిన కాయ, ఎలా తింటాడు?"

"ఆయనకు కోరలున్నాయిలే!"

మర్నాడు దొర వచ్చాడు. ఆనపకాయను నాలుగు ముక్కల్లో మింగేశాడు. దోసకాయ, చిక్కుళ్లు ఎటు పోయాయో తెలియలేదు. అది చాలక మూతితో పుదీనా మడి తిరగదోడాడు.

"ఇంతేనా? సరేలే," అన్నాడు. "ఏ కష్టమొచ్చినా నా పేరు చెప్పు దండెయ్యా."

దండెయ్య ఆ మాటను నెలరోజులు కోనంతా మోశాడు.

వానలు పడ్డాయి. అందరి పెరళ్లలో మొలకలు లేచాయి. రేగమ్మ మళ్లు తవ్వింది, పాదులు చేసింది. వాటిలో వేయడానికి ఏమీ లేదు.

"వాగొడ్డున తాబేలమ్మ కుదురమ్మ ఉందిగా," అంది రేగమ్మ. "రెండేళ్ల కిందట వరదకు ఆమె తోట కొట్టుకుపోతే మన విత్తనాలే ఇచ్చాను. వెళ్లి అడుగుతాను."

"దొరకు విందు పెట్టిన ఇల్లు తాబేలు గుమ్మంలో చెయ్యి చాపుతుందా? ఆగు. నేను దొర దగ్గరికే వెళ్తాను."

రేగమ్మ ఆగింది.

దండెయ్య వెళ్లేసరికి దొర బురదలో పొర్లుతున్నాడు.

"ఎవరు నువ్వు?"

"నేను దొరా, దండెయ్యని. మా ఇంట్లో ఆనపకాయ తిన్నారు."

"నేను తిన్న ఇళ్లన్నీ గుర్తుపెట్టుకుంటే నాకు వేరే పనుండదు. తప్పుకో, ఎండ రానీ."

దండెయ్య ఇంటికి వచ్చి, దొర కోనలో లేడని చెప్పాడు. మర్నాడు వెళ్తానన్నాడు. ఆ మర్నాడు కూడా అదే అన్నాడు. పిల్లలు ఎండుటాకులు నమిలారు. పుదీనా వేళ్లు నమిలారు. ఐదోరోజు అందరికన్నా చిన్నది, బుడ్డి, కంచె కింద నుంచి దూరి రెల్లుగడ్డిలోకి వెళ్లింది. అక్కడ గడ్డి పచ్చగా, నవనవలాడుతూ ఉంది.

మూడు రోజులు వెతికారు. నక్క అడుగులు దొరికాయి. బుడ్డి దొరకలేదు.

నాలుగోరోజు రేగమ్మ ఎవరినీ అడగలేదు. నేరుగా వాగొడ్డుకు వెళ్లింది. కుదురమ్మ ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా ఆకు దొన్నె నిండా విత్తనాలు తెచ్చి పెట్టింది. పిల్లల కోసం రెండు కాయలు కూడా పెట్టింది.

"నీ కాయ విత్తనాలే ఇవి, చెల్లీ. పడమటి మూల వేశాను, బాగా కాశాయి. తొలివానకే వచ్చి ఉంటే..."

"వచ్చి ఉండాల్సిందే," అంది రేగమ్మ. "ఆయన ఆగమన్నాడు. నేను ఆగాను."

కుదురమ్మ దొన్నె మీద ఆకు కప్పి ఆమె చేతికిచ్చింది.

ఆ ఏడు ఆలస్యంగానైనా పాదులు అల్లుకున్నాయి. మొదటి మంచి ఆనపకాయకు దండెయ్య తనే గడ్డిపోచ కట్టాడు. ఒకటి చాలదని మూడు పోచలు కట్టాడు. రోజంతా దాని కిందే కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఓరోజు కోరల దొర కంచె పక్కగా పోతూ ఆగాడు.

"ఆనపకాయ బాగుందే. ఎవరిది?"

"మా బుడ్డిదండీ," అన్నాడు దండెయ్య. కాయ ముందు నుంచి కదల్లేదు.

ముళ్లకంచె తోసుకుని రావడానికి దొరకు బద్ధకమేసింది. వెళ్లిపోయాడు. దండెయ్య లోపలికి చూశాడు, రేగమ్మ విన్నదేమోనని. విన్నది. కానీ మెచ్చుకోలేదు. ఆ మాట నిరుడు అనాల్సింది.

ఆమె భోజనాలకు ఆకులు వేస్తోంది. అలవాటు చొప్పున పిల్లలకు మూడు వేసింది. కాసేపు చూసి, ఒకటి వెనక్కి తీసింది.

నీతి: మెప్పు కోసం విత్తనపు కాయ కోసినవాడు ఒక్కపూట గొప్పవాడవుతాడు, ఆ గొప్పకు మూల్యం అతని పిల్లలు చెల్లిస్తారు.