పేరు లేని రాకుమారుడు

అనగా అనగా, రాజుకు కోపమొస్తే జనం వణికిన కాలంలో, తాబేలుకు కోపమొస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించని కాలంలో, నడిసముద్రంలో పగడాల లంక అనే దీవి ఉండేది.

దీవి చుట్టూ నీళ్ళలో మునిగిన ప్రహరీ గోడలాగా ఒక పగడాల దిబ్బ. ఎర్రవి, పసుప్పచ్చవి, ఊదావి, ఎన్ని రంగులో! పెద్ద పెద్ద కెరటాలు వచ్చి ఆ దిబ్బకు తగిలి అక్కడే విరిగిపోయేవి. లోపలి నీళ్ళు ఊగీ ఊగనట్టు ఊగేవి. వాటిని జనం ఊయల నీళ్ళు అనేవారు. బిడ్డ పుడితే ముందు ఆ నీళ్ళలో ముంచి, ఆ తర్వాతే చెవిలో పేరు చెప్పేవారు. కూలివాడి బిడ్డకైనా రాజు బిడ్డకైనా ఆ నీళ్ళు తగలందే పేరు లేదు.

ఆ ఒడ్డు ఇసుకలోనే పుట్టింది డిప్పమ్మ అనే తాబేలు. ఎక్కడెక్కడి సముద్రాలు తిరిగినా, ఏటేటా గుడ్లు పెట్టడానికి మాత్రం పుట్టింటికే వచ్చేది. పుట్టిల్లంటే ప్రాణం. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఒక ఏడు లంకకు ధవళసేనుడు కొత్తగా రాజయ్యాడు. ఆయనకు తెలుపంటే పిచ్చి. తెల్ల గుర్రం, తెల్ల గొడుగు, తెల్ల తలపాగా. "మా దిబ్బ చూద్దురుగాని రండి" అని చుట్టుపక్కల రాజులందరినీ పిలిచాడు. పడవల మీద పడవలు వచ్చాయి. వచ్చినవాళ్ళు చూసి ఊరుకున్నారా? రాతి లంగర్లు పగడాల నెత్తిన పడేశారు. చెప్పులతో దిబ్బెక్కి కేరింతలు కొట్టారు. గుర్తుగా ఉంటుందని తలా ఒక కొమ్మ విరుచుకున్నారు. చూడ్డానికి వచ్చి, చూసినదాన్నే విరుచుకుపోవడం ఏం బుద్ధో!

డిప్పమ్మ రాజుగారి పడవ పక్కన తల పైకెత్తింది.

"రాజా! అది రాయి కాదయ్యా, ప్రాణమున్నది. మీ చుట్టాలకు కాలు పెట్టడానికి ఇంకో చోటే దొరకలేదా?"

రాజు నవ్వాడు. "పెద్దదానివి, ఊరికే కోప్పడకు. ఇంత దిబ్బలో నాలుగు కొమ్మలు పోతే ఏమవుతుంది?"

మరుసటి ఏడు రాజుకు తెల్లమేడ కట్టాలని బుద్ధి పుట్టింది. నిధిపాలుడనే వర్తకుడు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "మహారాజా, పగడం కాల్చిన సున్నానికి సాటి లేదు. దిబ్బ మన గుమ్మం ముందే ఉందాయె. కొడదాం, కాలుద్దాం."

కొట్టారు. పెద్ద పెద్ద బండలు గోడలకు తెచ్చారు. మిగిలినవి బట్టీలలో పోసి కాల్చారు. కట్టెల కోసం కొండ మీద చెట్టన్నది లేకుండా నరికారు.

గుడ్లు పెట్టడానికి వచ్చిన డిప్పమ్మ ఆ పొగ చూసి ఒళ్ళు మండి, పాకుతూ పాకుతూ కొలువుకే వెళ్ళింది.

"రాజా, కెరటాన్ని ఆపుతున్నది ఆ దిబ్బేనయ్యా! దాన్ని కాల్చుకుని మేడ కడతావా?"

"కెరటం వస్తే ఒడ్డున గోడ కట్టిస్తాను" అన్నాడు రాజు. "దానికి కావలసిన సున్నం కూడా ఆ దిబ్బే ఇస్తుంది."

ఆహా, ఏమి తెలివి, ఏమి తెలివి అని కొలువంతా తలలూపింది. ఒక్కడికి, కనీసం ఒక్కడికైనా, సిగ్గు వేయలేదు.

మూడో ఏడు వానలు పడ్డాయి. చెట్లు లేని కొండ నుంచి బురద, బట్టీల నుంచి బూడిద, అంతా సముద్రంలోకి దిగింది. పగడాలకు ఊపిరాడలేదు. ఎరుపు పోయింది, పసుపు పోయింది, ఊదా పోయింది. మిగిలిన దిబ్బంతా తెల్లగా పాలిపోయింది. చేపలు కాపురాలు విడిచి వెళ్ళిపోయాయి.

రాజు మేడ మీంచి చూసి చప్పట్లు కొట్టాడు. "చూశారా! నా మేడను చూసి దిబ్బ కూడా తెల్లబట్టలు కట్టింది!" ఊరంతా విందు చేయించాడు కూడా.

దిబ్బ పోయాక కెరటాలకు అడ్డేముంది? తిన్నగా ఒడ్డుకు వచ్చాయి. రాజుగారు కట్టించిన సున్నపు గోడ విరిగింది. ఒడ్డున ఇసుకంతా కొట్టుకుపోయింది.

ఆ రోజుల్లోనే రాణి కలువమాలకు కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజున మేళతాళాలతో అందరూ ఒడ్డుకు వచ్చారు. మంత్రసాని బిడ్డనెత్తుకుని నీళ్ళలో అడుగు పెట్టిందో లేదో, కెరటం వచ్చి ఆమెను వెనక్కి విసిరేసింది. రాణి కెవ్వున అరిచి బిడ్డను లాక్కుంది. మళ్ళీ ఎవరూ నీళ్ళలోకి దిగలేదు.

అప్పుడే రాళ్ళ మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ డిప్పమ్మ వచ్చింది. కడుపు నిండా గుడ్లు. పెట్టడానికి గుప్పెడు ఇసుక లేదు. అన్నాళ్ళూ అయ్యా అయ్యా అన్న నోరు ఆ రోజు మర్యాద మరిచిపోయింది.

"తెలుపు తెలుపని గంతులేశావే, అది తెలుపు కాదురా, ఎముకలు! నా బిడ్డలకు ఇసుక లేదు. నీ బిడ్డకు నీళ్ళు లేవు. వెళ్ళు, వెళ్ళి ఆ మేడలో ముంచుకో!"

నిధిపాలుడు గబగబా ముందుకొచ్చాడు. "దానికేం మహారాజా, బంగారు గంగాళంలో నీళ్ళు తెప్పిద్దాం."

"గంగాళంలో ముంచితే గంగాళమనే పేరు పెట్టుకోవాలి" అంది రాణి. రాజు వైపు తిరిగింది. "తాబేలమ్మ అన్నదాంట్లో తప్పేముంది? మేడ కూల్చండి. ఎక్కడ రాళ్ళు అక్కడ పెట్టండి."

ధవళసేనుడు మేడ దగ్గరికి నడిచాడు. తల దించుకుని, తలపాగా తీసి, మేడ నుంచి మొదటి బండ తనే మోశాడు. రెండోది నిధిపాలుడి నెత్తిన పెట్టారు. బట్టీలు ఆర్పారు. కొండ మీద మొక్కలు నాటారు. పడవలు దిబ్బ దగ్గరికి రాకూడదన్నారు. మేడ బండలన్నీ, వాటి మీద పగడం మళ్ళీ పెరగాలని, దిబ్బ ఉన్నచోటే సముద్రంలో పేర్చారు.

డిప్పమ్మ అవేవీ చూడ్డానికి ఆగలేదు. ఏడ్చుకుంటూ పోయి ఏదో పరాయి ఒడ్డున గుడ్లు పెట్టింది. వాటిలో ఎన్ని బతికాయో ఎవరికీ తెలియదు.

పగడం తొందరపడదు. ఏడాదంతా పెరిగితే గోరంత. ఆ ఏళ్ళలో పుట్టిన బిడ్డలెవరికీ పేర్లు లేవు. బుజ్జీ, పెద్దోడా, నల్లపిల్లా అని పిలుచుకున్నారు. ధవళసేనుడు కొడుకు పేరు వినకుండానే పోయాడు. రాకుమారుడు గద్దెనెక్కిన రోజున భటులు "మహారాజ శ్రీ శ్రీ శ్రీ..." అని అరిచి, ఆపైన ఏమనాలో తెలియక నోరు మూసుకున్నారు.

ఆ రాకుమారుడి జుట్టు నెరిసిపోయాక, ఒక ఏడు, కెరటం మళ్ళీ దిబ్బ దగ్గర విరిగింది. లోపలి నీళ్ళు నెమ్మదిగా ఊగాయి. లంకంతా ఒడ్డుకు పరిగెత్తింది. చంటిపిల్లల పక్కనే నెరిసిన గడ్డాలు వరుసలో నిలబడ్డాయి. ముసలి రాజు మనవణ్ణి ఎత్తుకుని నీళ్ళలో మునిగాడు. తాతకూ మనవడికీ ఒకే రోజున పేరు పెట్టారు.

కొత్తగా చేరిన ఇసుకలో గొయ్యి తవ్వుకుంటున్న డిప్పమ్మ దగ్గరికి వచ్చి ఆయన చేతులు జోడించాడు. "అమ్మా, ఇప్పటికైనా కోపం తగ్గిందా?"

"మీ నాన్న మూడేళ్ళలో చేసిన పాడుకు నీ బతుకంతా సరిపోయింది. తగ్గమంటే ఎలా తగ్గుతుంది?" అంది డిప్పమ్మ. వెనక్కాళ్ళతో ఇసుక ఆయన కాళ్ళ మీదికి చిమ్ముతూ తన పని తాను చేసుకుంది.

కనుక పిల్లలూ, మనల్ని కాచేదాన్ని కాల్చి మేడ కట్టుకుంటే ఆ మేడ మనల్ని కాయదు, ఆ తప్పుకు శిక్ష మన బిడ్డలు అనుభవిస్తారు.