నిన్ను కాదే, వాణ్ణి అడిగా

అనగనగా ఒక ఊరు. ఆ ఊరెక్కడుందంటే, రైల్లో రెండు రాత్రులు పడుకుని లేచి, ఆ తర్వాత బస్సెక్కి కొండ చుట్టూ తిరిగి తిరిగి పైకి పోతే, అక్కడుంది. కళ్ళు మూసుకో, చెప్తాను. ఆ ఊళ్ళో కిటికీ తీస్తే చాలు, మబ్బులు చుట్టపుచూపుగా ఇంట్లోకి వచ్చేస్తాయి. ఉతికిన బట్టలు మూడు రోజులకు గాని ఆరవు.

ఆ ఊళ్ళో సువర్చల అని ఒక అమ్మ ఉండేది. ఆమె భర్త గిరిధర్ వంతెనలు కట్టే ఇంజనీరు. వాళ్ళకొక కొడుకు. మబ్బుల ఊళ్ళో పుట్టాడు కదా, మేఘశ్యామ్ అని పేరు పెట్టుకున్నారు. శ్యామూ అని పిలుచుకునేవారు.

సువర్చల చాలా మంచిది. కానీ ఒట్టి భయస్థురాలు. పిల్లాడి చేతులు మూడుసార్లు కడిగేది. మొదటిసారి కడిగితే మురికి పోతుంది. రెండోసారి కడిగితే భయం పోతుంది. మూడోసారి ఎందుకు కడిగేదో ఆమెకే తెలియదు. వాడేం తిన్నాడో, ఎంతసేపు పడుకున్నాడో, ఎన్నిసార్లు తుమ్మాడో, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఆ పుస్తకం చివరి పేజీలో ‘శ్యామూ మాటలు’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఎర్ర గీత కూడా గీసి పెట్టుకుంది.

ఆ గీత కింద ఏమీ లేదు.

శ్యామూకి రెండేళ్ళు నిండాయి. ఆ పైన రెండు నెలలు కూడా గడిచాయి. వాడు పరుగెత్తుతాడు. కితకితలు పెడితే ఇల్లు అదిరేలా నవ్వుతాడు. చెంచా తెమ్మంటే చెంచా, చెప్పులు తెమ్మంటే చెప్పులు తెస్తాడు. అన్నీ అర్థమవుతాయి. మాట మాత్రం లేదు.

ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇల్లు వాళ్ళదొక్కటే. ఇంట్లో మామ్మ లేదు, వీధిలో అత్త లేదు, ఎత్తుకుని కబుర్లు చెప్పే పిన్ని లేదు. ‘ఇంత దూరం తెచ్చి, నేనే వీడికి మాటల్లేకుండా చేశానా?’ అని సువర్చల లోలోపల కుమిలిపోయేది. ఆ మాట ఎవరికీ చెప్పేది కాదు. పుస్తకంలో కూడా రాసేది కాదు.

సువర్చల వాళ్ళమ్మ తెనాలిలో దోసెల పిండి రుబ్బి అమ్మేది. రోజూ సాయంత్రం ఏడింటికి, ఒకపక్క గ్రైండర్ గరగరా తిరుగుతుండగానే ఫోన్ చేసేది.

“నాన్నా శ్యామూ, బువ్వ తిన్నావా?”

వాడు ఫోన్ వంక చూసేవాడు. నోరు కాస్త తెరిచేవాడు. అంతలోనే సువర్చల అందుకునేది. “తిన్నాడమ్మా. రెండు ముద్దలు పప్పన్నం, ఒక ముద్ద పెరుగన్నం. ఆఖరి ముద్ద ఊసేశాడు.”

“నిన్ను కాదే, వాణ్ణి అడిగా.”

“వాడికి మాటలు రావుగా అమ్మా! నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?”

గిరిధర్ వెనక నుంచి నవ్వేవాడు. “మీ తల్లీకూతుళ్ళు కాస్త ఊపిరి పీల్చుకుంటే కదా వాడికి సందు దొరికేది!”

“మీరూరుకోండి!” అనేది సువర్చల.

అప్పుడు వాళ్ళమ్మ వస కొమ్ము పంపింది. అరగదీసి నాలుక మీద రాస్తే పిల్లలు వసపిట్టల్లా వాగుతారని మన వైపు నమ్మకం కదా. కానీ సువర్చల ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన శ్యామూ చెవులు పరీక్షించాడు, గొంతు చూశాడు. అంతా బాగుందన్నాడు. కొందరు పిల్లలు నిదానంగా మొదలుపెడతారు, రెండు నెలలాగి మళ్ళీ తీసుకురండి అన్నాడు. వస మాత్రం నాలుకకు రాయొద్దన్నాడు. అందుకని సువర్చల ఆ కొమ్మును వాడికి దూరం నుంచి ఒక్కసారి వాసన చూపించి, డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. వాడు గట్టిగా తుమ్మాడు. ఆ తుమ్ము పుస్తకంలోకెక్కింది.

ఆ తర్వాత చిలక కొట్టిన జామపండు వంతు వచ్చింది. అది తింటే చిలకలా పలుకుతాడట. పక్కింటావిడకి ఒక చిలక ఉంది. కానీ ఆవిడ భాష వేరు. సువర్చల జామపండు చేత్తో పట్టుకుని, రెండో చేతిని రెక్కలా ఆడించి, ముక్కు ముందు వేలు వంకరగా పెట్టి చూపించింది. ఆవిడ పడీ పడీ నవ్వి, పండు తీసుకెళ్ళి చిలక చేత కొరికించి తెచ్చింది. బాగానే ఉంది. కానీ సువర్చల మనసు ఒప్పుకోలేదు. ఆ పండును ఉప్పునీళ్ళతో కడిగింది. పసుపునీళ్ళతో కడిగింది. ఆ పైన వేడినీళ్ళతో కడిగి, చిలక కొరికినంత మేరా కోసి పారేసి, మిగిలింది పెట్టింది. ఇంక అందులో చిలకదేముంది!

ఆ తర్వాత పూజగంట. గంటను తిరగేసి, అందులో నీళ్ళు పోసి తాగిస్తే గొంతు గంటలా మోగుతుందన్నారు. సువర్చల గంటను చింతపండుతో తోమి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి తాగించింది. శ్యామూ నీళ్ళు తాగేసి గంట లాక్కున్నాడు. ఇక చూడు! పొద్దస్తమానం గణగణ, గణగణ. మబ్బులు కూడా భయపడి కిటికీలోంచి బయటికి పోయి ఉంటాయి. గంట మోగింది గానీ గొంతు మోగలేదు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. ఆ చలికి, ఆ చెమ్మకి సువర్చల గొంతు పట్టేసింది. ఒక పొద్దున లేచేసరికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు చూసి, మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు అన్నాడు.

‘నా గొంతు కూడా పోతే వీడికి తెలుగు మాట వినిపించేదెవరు?’ అని సువర్చలకు ఏడుపొచ్చింది. గిరిధర్ ఆ రోజుల్లో చీకటితోనే పనికి పోయి, బాగా పొద్దుపోయాక వస్తున్నాడు.

మొదటిరోజు శ్యామూ బంతి మంచం కిందికి పోయింది. మామూలుగా అయితే వాడు వంగే లోపలే, “బంతి కావాలా కన్నా? ఎర్ర బంతా? ఇదుగో, తీసిచ్చానుగా!” అని అడగడం, చెప్పడం, తీసివ్వడం అన్నీ సువర్చలే చేసేది. ఆ రోజు అమ్మ తీసిచ్చింది గానీ, మాట లేదు. వాడు బంతి సంగతి మరిచిపోయి అమ్మ మొహం వంక చూస్తూ నిలబడ్డాడు.

రెండోరోజు వాడు అమ్మ ఒళ్ళోకెక్కి, తన చిట్టివేళ్ళతో ఆమె పెదాలు విడదీసి, నోట్లోకి తొంగిచూశాడు. లోపల ఎక్కడైనా మాటలు ఇరుక్కున్నాయేమోనని! సువర్చలకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ చప్పుడు లేకుండానే వచ్చాయి.

మూడోరోజు ఆమె గొంతు మరీ మండింది. పిల్లాడికి అన్నం పెట్టింది. తనకి మాత్రం మంచినీళ్ళు దిగడమే కష్టమైంది. పొద్దుటి నుంచీ కంచం ముట్టుకోలేదు. పెట్టుకున్న పెరుగన్నం వంటగట్టు మీద అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఏడయింది. ఫోన్ మోగింది. సువర్చల నొక్కి, శ్యామూ ముందు పెట్టి కూర్చుంది.

“అమ్మాయ్, నువ్వేం మాట్లాడకు. గొంతు జాగ్రత్త. వాడికి నా మాట వినపడితే చాలు,” అంది వాళ్ళమ్మ. “నాన్నా శ్యామూ, బువ్వ తిన్నావా?”

వాడు ఫోన్ వంక చూశాడు. నోరు కాస్త తెరిచాడు. అలవాటు చొప్పున సువర్చలా నోరు తెరిచింది. గాలి వచ్చింది, అంతే.

వాడు అమ్మ వైపు తిరిగి చూశాడు. అమ్మ చెప్పలేదు. ఫోన్ వైపు తిరిగి చూశాడు. అమ్మమ్మ కూడా ఏమీ అనలేదు. అక్కడ తెనాలిలో గ్రైండర్ ఠక్కున ఆగిపోయింది.

అప్పుడు శ్యామూ, “అమ్మ,” అన్నాడు.

సువర్చల తనను పిలిచాడనుకుని రెండు చేతులూ చాపింది. కానీ వాడు ఆమె వైపు చూడటం లేదు. ఫోన్‌కి మొహం ఆనించి, గట్టు మీది కంచం వైపు వేలు చూపిస్తూ, పెద్ద ఆరిందాలా చెబుతున్నాడు.

“అమ్మ తిల్లే.”

అమ్మ తినలేదట!

అవతల నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. “ఓరి బడవా! నిన్నడిగితే మీ అమ్మ సంగతి చెప్తావేరా? అచ్చం మీ అమ్మ పోలికే! సరే, నువ్వే చెప్పు నాన్నా. బువ్వ ఎవరు పెడతారు అమ్మకి?”

వాడు గబగబా వెళ్ళాడు. గట్టు అందలేదు. సువర్చల లేచి కంచం కిందికి దించింది. వాడు దాని ముందు చతికిలబడి, పెరుగన్నంలో చెయ్యి పెట్టి కలిపి, గుప్పెడు తీసి అమ్మ నోటి ముందు పెట్టాడు. సగం నోట్లో పడింది. సగం ఒళ్ళో పడింది. చల్లటి పెరుగన్నం మెల్లగా గొంతులోకి దిగింది.

ఆ చెయ్యి ఒక్కసారైనా కడిగాడో లేదో సువర్చల చూడనే లేదు.

చాలాసేపటికి ఆమెకు పుస్తకం గుర్తొచ్చింది. తీసి, చివరి పేజీలో ఎర్ర గీత కింద రాసింది. ‘అమ్మ తిల్లే.’ రాసి, ఒకసారి చూసుకుని మూసేసింది.

మర్నాటికి ఆమె గొంతు కాస్త పెగిలింది. సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. “బువ్వ తిన్నావా నాన్నా?” అని వాళ్ళమ్మ అడిగింది. జవాబు సువర్చల నాలుక చివరి దాకా వచ్చేసింది. అప్పుడామె ఏం చేసిందో తెలుసా? పెదాల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... పది దాకా లెక్కపెట్టింది.

పదకొండుకి వాడే చెప్పాడు.

ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడంటావా? ఇందాక నీ దిండు లాక్కుని, ఆపమన్నా ఆపకుండా కబుర్లు చెప్పి, ఇప్పుడు గోడ పక్కన గురకపెడుతున్నాడే మీ అన్నయ్య, వాడే. ఇంక నువ్వూ బజ్జో తల్లీ.

కథ నడిచి కంచికెళ్ళింది,
మబ్బు నడిచి కొండకెళ్ళింది,
మాట నడిచి నోటికొచ్చింది,
కునుకు నడిచి కంటికొచ్చింది,
మనమేమో హాయిగా మనింటికొచ్చాం.