సుక్రి అడిగిన డోలీకర్ర

మీ తాతల తాతలు కూడా పుట్టకముందు మాట ఇది. ఊఁ కొడుతూ వినండి.

ఒక కొండమీద ఒక ఊరు. ఆ ఊళ్లో సుక్రి అనే ఒంటరి ఆడమనిషి అడ్డాకులు విస్తళ్లుగా కుట్టి అమ్ముకుని బతికేది. ఊరికి డోలీ ఒక్కటే. పొడుగాటి వెదురుకర్రకి దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ఇద్దరు మోసుకుపోయేవాళ్లు. కొండ కింద, మూడు వాగుల అవతల, ఒక వైద్యుడు. ఆయనకున్నది ఒక పాక, రెండు మంచాలు. అయినా వేళకి చేరినవాళ్లు బతికేవాళ్లు.

ఒక ఏడు వాంతుల జబ్బు వచ్చింది. ఊరూరా జనం పిట్టల్లా రాలిపోయారు. జబ్బు లోపలికి రాకుండా ఊరిపెద్ద సింగన్న పొలిమేర కట్టు కట్టించాడు. ఊరిచుట్టూ వేపమండల తాడు. తాడు దాటినవాళ్లు జబ్బు పోయేదాకా మళ్లీ లోపలికి రాకూడదు. తాడు నిలవడానికి ఊరి మొగదల గట్టి గుంజ కావాలి. ఏం పాతారో తెలుసా? డోలీకర్ర. అంత తెలివైన ఊరు.

ముందు మేకలు కాసే మంగడు పడిపోయాడు.

"కర్రియ్యి మావా, మనిషి పోతన్నాడు" అంది సుక్రి.

"కర్ర తీస్తే కట్టు తెగిపోద్ది" అన్నాడు సింగన్న.

సుక్రి మంగణ్ణి చీరతో వీపుకి కట్టుకుంది. తాడు దాటింది. మూడు వాగులూ దాటింది. మంగడు బతికాడు. సుక్రి తిరిగొచ్చి, తాడు అవతల బండ కింద పడుకుంది.

తర్వాత బాలింత కాసులమ్మని తెచ్చి తాడు దగ్గర దించారు.

"కర్రియ్యి మావా."

"కర్ర తీస్తే కట్టు తెగిపోద్ది."

మళ్లీ వీపు, మళ్లీ వాగులు. కాసులమ్మా బతికింది.

మూడోసారి సింగన్న కోడలే. ఆయనే ఎత్తుకొచ్చి తాడు దగ్గర దించాడు.

"కర్రియ్యి మావా. నా నడుం పోయింది."

సింగన్న నేల చూశాడు. "ఊరికోసం సుక్రీ. నువ్వెలాగూ బయటే ఉన్నావు కదే" అన్నాడు.

ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సుక్రికి మండలేదు. మోసుకుపోయింది. కోడలు బతికింది.

తిరిగొచ్చాక సుక్రికే వాంతులు పట్టుకున్నాయి. తాడు పక్కనే కూలబడింది.

"ఈసారి నాకే మావా. డోలీ కట్టండి."

ఊరంతా తాడు లోపల నిలబడి విన్నది. ఒకామె గంజిముంత కట్టెతో తాడు కిందుగా తోసింది. సుక్రి చేతికి అందలేదు. పొద్దున అడిగింది. మధ్యాహ్నం అడిగింది. పొద్దు వాలేసరికి పెదవులే కదిలాయి. సింగన్న మాత్రం అదే మాట, కట్టు తెగిపోద్దని.

సుక్రి పోయింది.

పొలిమేరలో శవం ఉంటే అరిష్టం అన్నారు. అప్పుడు పెరికారు కర్రని. తాడు తెగి కింద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కర్రకే సుక్రిని కట్టి మోసుకెళ్లారు. మొయ్యడానికి ఇద్దరు చాలు, నలుగురు పోటీపడ్డారు.

ఇప్పటికీ ఆ కొండల్లో డోలీకర్రని నేలలో పాతరు, దానిమీద బట్టలారెయ్యరు. ఏటా దానికి పసుపు రాసి సుక్రి పేరున కోడిని కోస్తారు. ముందు రాసేది సింగన్న ఇంటివాళ్లే. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే "సుక్రి అడుగుతోంది" అని కేకేస్తారు. ఆ కేక వింటే తింటున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని లేస్తాడు.

సుక్రి తన నోటితో అడిగిన రోజున మాత్రం ఒక్కడూ లేవలేదు.