అమ్మ వీపు వెనక చోటు

అనగనగా ఒక ఊళ్ళో, రాత్రయితే ఎవరికీ కన్నంటుకోని ఇల్లొకటి ఉండేదట. ఊఁ కొట్టు. ముందు ఆ కాళ్ళు తన్నడం మాను!

ఆ ఇంట్లో చాపలల్లే సూరమ్మ, మొగుడు గౌరయ్య, అత్త, ఆరేళ్ళ కూతురు పైడి. వాళ్ళకి కొత్తగా ఓ చంటాడు పుట్టాడు. గంటకోసారి పాలకి ఏడ్చేవాడు. అందుకని సూరమ్మ వాణ్ణి పక్కలోనే వేసుకునేది. పైడికి అమ్మ పక్క పోయింది. అచ్చం నీలాగే మూతి ముడిచింది.

"బాలింతకి నులకమంచమే" అని అత్త పట్టుబట్టింది. నులక వదులై మధ్యలో గుంట పడింది. మొదటి రాత్రే చంటాడు దొర్లి అమ్మ కిందికి జారాడు. కెవ్వుమన్నాడు. సూరమ్మ చప్పున వాణ్ణి పైకి లాక్కుంది.

అప్పుడు అత్త బూరుగుదూది పరుపు దింపింది. రెండో రాత్రి వాడి ముక్కు అందులో కూరుకుపోయింది. "ఇంత మెత్తన వద్దత్తా, వాడికి ఊపిరాడాలి" అని సూరమ్మ పరుపూ దిండూ తీసి అవతల పడేసింది.

ఆ తర్వాత, తానల్లిన గట్టి చాపే నేల మీద పరిచింది. చంటాణ్ణి వెల్లకిలా వేసింది. వాడివైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. కల్లు తాగొచ్చిన గౌరయ్యతో "ఇవాళ నీ పక్క అరుగు మీదే" అంది. అతను దుప్పటి చంకన పెట్టుకుని అరుగెక్కాడు.

మూడో రాత్రి పైడికి నిద్ర పట్టలేదు. అటు దొర్లింది, ఇటు దొర్లింది. చప్పుడు కాకుండా వచ్చి చంటాడి పక్కన దూరింది. తమ్ముడికి చలేస్తుందని తన బొంత కప్పింది. తల మీదుగా!

సూరమ్మ ఉలిక్కిపడి లేచింది. బొంత లాగేసింది. వాడి ముఖం కమిలిపోయి ఉంది. కదల్లేదు. అప్పుడు ఒక్కసారిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఆ తల్లి ఎంత సంతోషించిందో!

పైడి గోడకి అతుక్కుపోయింది. "నన్నింక నీ దగ్గరికి రానివ్వవా అమ్మా?"

సూరమ్మకి చెయ్యెత్తాలనిపించింది. ఎత్తలేదు. "వాడి పక్కన వద్దు తల్లీ. నా వీపంతా నీదే, వచ్చి కరుచుకో" అంది.

పైడి ఆ వీపుకి చెంప ఆనించింది. చంటాడు మళ్ళీ గంటకే లేచాడనుకో. పైడి మాత్రం తెల్లారేదాకా లేవలేదు.

అదేమిటే, లేచి కూర్చున్నావ్? మీ అమ్మ వీపు ఖాళీగానే ఉంది, వెళ్ళు. ఆగాగు, ఆ దుప్పటి ఇక్కడే ఉంచి వెళ్ళు.

ముందు పాప, వెనక అక్క,
మధ్యన అమ్మ, చాపే పక్క.
కథ కంచికి, నువ్వు అమ్మ వీపుకి!