టెంకాయ చెప్పని జవాబు

హొన్నూరమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇంటర్లో కాలేజీ మొత్తానికి ఫస్టు వచ్చిన పిల్ల. పెద్ద కాలేజీలకు దరఖాస్తు పెట్టడానికి మర్నాడే ఆఖరు. స్నేహితురాళ్లంతా ర్యాంకుల్లో పైనున్న పేర్లు ఏరుకుని హాయిగా పెట్టేశారు. తనూ అవే రాసుకుంది గానీ ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేలక తల వేడెక్కిపోయింది.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని గుట్ట కింద ఉండే ఫకీరు దస్తగిరి తాత దగ్గరికి పరిగెత్తింది. ఎనిమిదో తరగతి నుంచీ ఆమెకు గురువు ఆయనే.

"తాతా, వీటిల్లో ఏది గొప్పదో నువ్వే చెప్పల్ల."

ఆయన ఆ పేర్ల వైపు కన్నెత్తి చూస్తే కదా! "బయట కడవలోంచి చెంబెడు నీళ్లు పట్రాపో" అన్నాడు.

ఆమె చెంబుతో తిరిగొచ్చేసరికి లోపల గడియ పడి ఉంది.

"తాతా, తలుపు తియ్యి!"

"ఎవరది?"

"నేనే, హొన్నూరిని."

"ఎందుకొచ్చినావు?"

ముసలాయనకు మతి గానీ పోయిందా అనుకుంది. "ఈ చుట్టుపక్కల నీ అంత గురువు లేడంట గదా, అందుకు."

"ఎవరన్నారు?"

"అందరూ."

"అయితే వాళ్లనే రమ్మను."

బతిమాలింది. తలుపు బాదింది. ఆయన గడియ తియ్యలేదు. అబ్బ, మొండిఘటం అంటే ఆయనే! ఆఖరికి ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"మా నాయన బోరు వేయిస్తే దుమ్మొచ్చింది. పక్క చేన్లో నీళ్లు పడినాయి, మాకెందుకు పళ్లేదని అందర్నీ అడిగినా. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు యాడ పడతాయో చూసినాయన మా తలరాత అన్న్యాడు. నువ్వొక్కడివే 'నాకు తెలీదు, నువ్వే కనుక్కో' అంటివి. అందుకొచ్చినా!"

గడియ తీసిన చప్పుడైంది. తాత చెంబు అందుకుని గటగటా తాగాడు. "ఆ, ఇప్పుడడుగు."

హొన్నూరమ్మకు ఇక అడగాల్సిందేమీ మిగల్లేదు. ఇంటికెళ్లి, నేల కింది నీళ్ల గురించి ఎక్కడ చదువు చెబుతారో వెతికింది. ముందు రాసుకున్న పేర్లలో ఒక్కటే మిగిలింది, అదీ సీటు దొరకడం అన్నిటికన్నా కష్టమైనది. దాని పక్కన, స్నేహితురాళ్లు ఎన్నడూ వినని కాలేజీల పేర్లు చేరాయి.

ఆ కష్టమైన కాలేజీ వాళ్లే ముందుగా ఇంటర్వ్యూకి పిలిచారు.

తిరిగొచ్చిన రోజు బస్సు దిగడమే ఆలస్యం, గుట్ట దాకా ఒకటే పరుగు. తాత తలుపుకి మళ్లీ గడియ!

"ఎందుకొచ్చినావు?" అన్నాడు లోపల్నుంచి.

"సీటొచ్చింది తాతా!" గుట్ట మారుమోగేట్టు అరిచింది. "ఎందుకొచ్చినావని వాళ్లూ నీ మాదిరే అడిగినారు. మా బోరు సంగతి చెప్తి. అంతే, సార్లంతా లేచి బోర్డు మీద బొమ్మలు గీసుకుంటా వాళ్లలో వాళ్లే వాదులాడుకున్యారు! కింద అంతా బండే అంట, నీళ్లు దాని పగుళ్లలోనే పారతాయంట. పక్క చేనాయన బోరు పగులుకు తగిలింది, మాది తగల్లేదు. పగులు యాడుందో ముందే ఎట్ల కనుక్కోవాలని అడిగితే, సగం చెప్పి, మిగతా సగం వచ్చి నువ్వే కనుక్కోమన్యారు!"

తలుపు తెరుచుకుంది. దస్తగిరి తాత బయటికొచ్చి తన చాప తెచ్చి అరుగు మీద పరిచాడు. ఆమెను దాని మీద కూర్చోమని, తాను కింద, మట్టిలో కూర్చున్నాడు.

"నాకు తెలీదంటి గదా. ఆ సగం చెప్పు, వింటా."